మా వాడు రెండో స్థానంలో వచ్చినా కాలేజీ టీమ్ చివర్లో ఎందుకు ఉంది?

క్రాస్ కంట్రీలో, అంటే ట్రాక్ మీద కాకుండా ఎత్తుపల్లాల నేల మీద సాగే దూరపు పరుగులో, టీమ్ స్కోరు అంటే ఆ టీమ్ వాళ్లు వచ్చిన స్థానాల మొత్తం. ఎంత తక్కువ వస్తే అంత మంచిది. అమెరికా కాలేజీల ఎన్‌సీఏఏ పోటీల్లో ఏడుగురు పరిగెత్తితే మొదటి ఐదుగురి స్థానాలు కలుపుతారు; ప్రపంచ పోటీల్లో ఆరుగురిలో నలుగురివి.

ఐదుగురి లెక్కన చూడండి. ఒక టీమ్ 2, 9, 48, 61, 90 స్థానాల్లో వస్తే 210. ఇంకో టీమ్‌లో మొదటి పదిమందిలో ఒక్కరూ లేకపోయినా 20, 22, 25, 27, 30 వస్తే 124. వాళ్లదే గెలుపు! అంటే టీమ్‌ని నిలబెట్టేదీ ముంచేదీ ఐదోవాడే. పాపం, వాడిని ఎవరూ పట్టించుకోరు.

మా పర్లాకిమిడిలో పిల్లలు చదునైన గ్రౌండ్‌లోనే ప్రాక్టీస్ చేస్తారు. పోటీలో గట్లు, బురద, ఎత్తుపల్లాలు. టెన్షన్‌తో మొదటి కిలోమీటరే లాగేసి, చివర్లో నడుస్తారు. మహేంద్రగిరి కొండ వైపు అంత మంచి ఎత్తుదారులున్నాయి కదా! వారానికోసారి అందరూ కలిసి, ఐదోవాడు తట్టుకోగల వేగంతో అక్కడ పరిగెత్తండి. ఆ వేగాన్ని మెల్లగా పెంచండి.