ఎన్‌వీడీఏ తెలుగు నోట్స్ చదవకపోతే

చూపులేని మీ తమ్ముడి కోసం గుంటూరు బ్రాడీపేటలో టైప్ చేయించిన నోట్స్‌ని ఎన్‌వీడీఏ (కంప్యూటర్ తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ఏవో ఇంగ్లీషు ముక్కల్లా చదువుతోందన్నారు కదండీ, తప్పు ఎన్‌వీడీఏది కాదు. అది 'అను' అనే పాతరకం తెలుగు ఫాంట్‌లో కొట్టిన ఫైలయి ఉంటుంది. పైకి 'అమ్మ' అని కనిపించినా లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, ఎన్‌వీడీఏ చదివేది వాటినే. ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి, పిచ్చి గుర్తులొస్తే ఖాయం.

పీడీఎఫ్ కాకుండా ఒరిజినల్ ఫైలే అడిగి తెచ్చుకుని, అను నుంచి యూనికోడ్‌కి, అంటే తెలుగు అక్షరాలు లోపల కూడా తెలుగుగానే ఉండే పద్ధతికి, మార్చే కన్వర్టర్‌లో వేయండి. మార్చాక ఒత్తులు, అంకెలు మూలంతో సరిచూడాల్సిందే. నోట్స్‌లో ఒక సంవత్సరం మారిపోతే తమ్ముడికి తెలిసే దారి ఉండదు.

తర్వాత ఇన్సర్ట్, కంట్రోల్, ఎస్ కలిపి నొక్కి, రాతను మాటగా పలికే ఈస్పీక్ ఎన్‌జీ ఎంచుకోండి. ఇన్సర్ట్, కంట్రోల్, వీ నొక్కి వాయిస్ తెలుగు పెట్టండి. ఇకమీదట టైపింగ్‌కి ఇచ్చేటప్పుడే యూనికోడ్ అని చెప్పండి, విండోస్‌లో ఉండే నిర్మలా యూఐ ఫాంటయినా చాలు.