మీ అమ్మానాన్నలకు జెనోవా తీరం చూపించు

చి. సౌమ్యకు,

పెద్దమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. నువ్వు పంపిన ప్లాన్ శ్రద్ధగా చదివాను. తొమ్మిది రోజుల్లో ఆమ్‌స్టర్‌డామ్, పారిస్, జ్యూరిక్, వెనిస్, ఫ్లోరెన్స్, రోమ్. అమ్మానాన్నలు మొదటిసారి వస్తున్నారు, మళ్లీ ఎప్పటికి కుదురుతుందో ఏమో, ఉన్నవన్నీ చూపించెయ్యాలని నీ ఆత్రం. నాకు అర్థమైంది. కానీ ఆ కాగితం ప్రకారం తిరిగితే మీ అమ్మకు గుర్తుండేది పెట్టెలు సర్దడం, స్టేషన్ మెట్లెక్కడం, ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నామే అని నిన్ను అడగడం. అసలే మోకాళ్ల నొప్పులు. మీ నాన్నకేమో వేళకు అన్నం పడకపోతే తలనొప్పి వస్తుంది.

అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడల్లా మీ పెదనాన్నా నేనూ ఇలాంటి చిన్న ట్రిప్పులు చేస్తూనే ఉన్నాం. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు ఒక నగరంలో మకాం పెట్టాలి. సామాను గదిలో వదిలేసి, పొద్దున రైలెక్కి దగ్గర్లోని సముద్రపు ఊరు ఒకటి చూసి, చీకటి పడేసరికి మళ్లీ అదే మంచం మీదికి చేరాలి. దీన్ని మించిన పద్ధతి నాకు కనిపించలేదు. అందుకు ఇటలీలో జెనోవా చాలా బాగుంటుంది. నువ్వుండే మ్యూనిక్ నుంచి వెళ్తూ వెరోనాలో ఒక రాత్రి, జెనోవాలో నాలుగు, వచ్చేటప్పుడు మిలాన్‌లో ఒకటి. మిగిలిన రోజులు నీ ఇంట్లో, నీ వంటతో గడపనీ. వాళ్లకు అన్నిటికంటే ముందు చూడాలని ఉన్నది నువ్వు ఎలా బతుకుతున్నావన్నదే.

ముందు వీసా సంగతి. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఎక్కువ రోజులు ఉండే దేశం నుంచి తీసుకోవాలి. వాళ్లు ఎక్కువగా నీ దగ్గరే ఉంటారు కాబట్టి జర్మనీకి అప్లై చేయించు, ఇటలీ ప్రయాణం వివరాలు అందులోనే చూపించు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. మీ నాన్నకు షుగరు ఉంది కదా, ఉన్న జబ్బులకు బీమా వర్తిస్తుందో లేదో కాగితం పూర్తిగా చదివాకే డబ్బు కట్టు. మందులు చేతి సంచిలోనే పెట్టుకోమను, డాక్టరు చీటీతో సహా.

మీ అమ్మ ఏమేం మోసుకొస్తుందో నాకు తెలుసు. నెయ్యి, పాలకోవా, పెరుగు మిరపకాయలు వద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లు పాలతో చేసినవి, మాంసంతో చేసినవి యూరప్‌లోకి తేకూడదు. కరివేపాకు రెమ్మలు, మామిడిపళ్లు కూడా ధ్రువపత్రం లేకుండా రానివ్వరు. కందిపొడి, మామిడికాయ ఆవకాయ, చింతపండు తెచ్చుకోవచ్చు. ఆవకాయ మాత్రం చెకిన్ పెట్టెలోనే వెయ్యాలి.

సెప్టెంబర్ రెండో వారం మంచి సమయం. ఆగస్టులో ఇటలీ వాళ్లంతా సెలవుల మీద సముద్రానికే వస్తారు, ఎండ కూడా ఎక్కువ. అక్టోబర్ వస్తే ఆ తీరంలో వానలు ఒక్కోసారి భయంకరంగా కురుస్తాయి. 2011 అక్టోబర్ 25న ఆ తీరంలోనే ఉన్న వెర్నాజ్జా, మోంటెరోస్సో ఊళ్ల మీదికి కొండల నుంచి వరద, బురద వచ్చి పడి ప్రాణనష్టం జరిగింది. సెప్టెంబర్‌లో అయినా వాతావరణ హెచ్చరిక ఉన్న రోజు ఆ ఊళ్లకు వెళ్లొద్దు, జెనోవాలోనే ఉండండి.

మ్యూనిక్ నుంచి వెరోనాకు పగటి రైలే ఎక్కించు. విమానం మాటే తలపెట్టకు. మీ నాన్నకు రైళ్లంటే ప్రాణం కదా. 1867లో వేసిన బ్రెన్నర్ రైలు మార్గం అది, సముద్రమట్టానికి 1,370 మీటర్ల ఎత్తున ఆల్ప్స్ దాటుతుంది. కిటికీ సీటు రిజర్వ్ చేసి ఆయన్ను అక్కడ కూర్చోబెట్టు. పాస్‌పోర్టులు పై పెట్టెలో పెట్టకుండా చేతి సంచిలో ఉంచుకోండి. తిరుగు ప్రయాణంలో జర్మనీ సరిహద్దు దగ్గర పోలీసులు రైలెక్కి చూస్తారు. నీ రెసిడెన్స్ కార్డు కూడా మర్చిపోకు. వెరోనాలో ఆ సాయంత్రం అరీనా అనే రోమన్ల కాలపు రాతి స్టేడియం దాకా నడిచి వెళ్లి, ఎదురుగా చౌకులో కూర్చుంటే చాలు.

జెనోవాలో హోటల్ బ్రిన్యోలే స్టేషన్ దగ్గర చూడు. ఆ చుట్టుపక్కల నేల చాలావరకు చదునుగా ఉంటుంది. బుక్ చేసే ముందు బిల్డింగులో లిఫ్ట్ ఉందో లేదో మెసేజ్ పెట్టి అడుగు. పాత ఇళ్లల్లో నాలుగో అంతస్తు గది ఫొటోల్లో ముచ్చటగా ఉంటుంది, మెట్లు మాత్రం ఫొటోల్లో కనపడవు. హోటల్ బిల్లుతో పాటు ఊరి పన్ను తలకింత, రాత్రికింత అని విడిగా తీసుకుంటారు. దాన్ని చూసి కంగారు పడకండి.

టూరిస్టులు చాలామంది జెనోవాలో రైలు మారి వెళ్లిపోతారు. నాకైతే అది ఆగి చూడాల్సిన ఊరు. పాత పేటలో సందులు ఎంత ఇరుకంటే రెండు చేతులు చాస్తే కొన్నిచోట్ల రెండు గోడలూ తగులుతాయి. ఆ సందుల్లోంచి బయటికొస్తే గరిబాల్డీ వీధిలో వరసగా మేడలు. ఈ నగరం రిపబ్లిక్‌గా ఉన్న రోజుల్లో ప్రభుత్వ అతిథులు ఎవరైనా వస్తే ఏ మేడలో దింపాలో 1576 నుంచి జాబితాలు రాసి పెట్టేవారు. వాటిని రోల్లి అంటారు. వచ్చినవాళ్ల హోదాను బట్టి ఇల్లు. ఆ మేడల్లో కొన్నిటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. లోపలికి వెళ్లి ఒక్క మేడ తీరిగ్గా చూడండి, మూడూ నాలుగూ వద్దు.

శాన్ లొరెంజో కేథడ్రల్ నలుపు తెలుపు చారల రాతితో ఉంటుంది. లోపల కుడివైపు ఒక పెద్ద ఫిరంగి గుండు నిలబెట్టి ఉంటుంది. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ యుద్ధనౌకలు కొట్టినప్పుడు గోడ చీల్చుకుని లోపల పడి, పేలకుండా మిగిలిపోయింది. దాన్ని అలాగే ఉంచారు. మీ నాన్నకు ఆ గుండు చూపించు, ఆయన అక్కడ నిలబడిపోతారు. చర్చిల్లో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. మీ అమ్మ చీరకు ఏ ఇబ్బందీ లేదు, నీ డ్రెస్ సంగతి నువ్వు చూసుకో.

సాయంత్రం పోర్టెల్లో చౌకు దగ్గర పాతకాలపు లిఫ్ట్ ఎక్కి కాస్తెల్లెత్తో మీదికి వెళ్లండి. ఒక్క మెట్టు ఎక్కకుండా నగరమంతా కనపడే చోటు అది. పలకరాయి కప్పులు, వాటి మధ్య చర్చి గోపురాలు, దూరంగా ఓడరేవు, 1543లో కట్టిన లాంతెర్నా దీపస్తంభం. అక్కడ బల్లలుంటాయి, గంటసేపు కూర్చోనివ్వు. ఫోన్ తీసి తర్వాత ఎక్కడికని వెతకొద్దు.

రెండో రోజు కమోల్యి. రైలులో ముప్పావు గంట లోపే. ఇది నాకు ఆ తీరంలో అన్నిటికంటే ఇష్టమైన ఊరు. బెస్తవాళ్ల ఊరు. ఆరేడు అంతస్తుల ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని, ఎరుపు, పసుపు, కావి రంగుల్లో నీళ్ల మీదికి నిలబడి ఉంటాయి. ఇంకాస్త దగ్గరికెళ్లి చూస్తే సగం కిటికీలు నిజమైనవి కావు. గోడ మీద తలుపు రెక్కలు, వాటి నీడ, పైన రాతి అంచు అన్నీ రంగుతో గీసినవే. ఏది కిటికీయో ఏది బొమ్మో మీ అమ్మను కనుక్కోమను, చాలాసేపు ఆ పనిలో పడుతుంది. ఒడ్డంతా గులకరాళ్లు. మెత్తటి చెప్పులు కాకుండా అడుగు గట్టిగా ఉన్న బూట్లు వేయించు.

అక్కడి నుంచి బోటులో అరగంట వెళ్తే శాన్ ఫ్రుత్తువోసో మఠం వస్తుంది. రోడ్డు లేదు, కొండదారిన నడిచి గానీ బోటులో గానీ వెళ్లాలి. చిన్న రేవులో, ఒడ్డుకు ఆనుకున్న కమానుల మీద మఠం కట్టారు. ఆ రేవులో నీటి అడుగున 1954లో దింపిన కంచు క్రీస్తు విగ్రహం ఉంది, డైవర్లు దిగి చూస్తారు. బోటు దిగడం గురించి ముందే చెప్పాలి. ఒడ్డుకీ బోటు ముక్కుకీ మధ్య సన్నటి పలక వేస్తారు, అలకు అది లేస్తూ పడుతూ ఉంటుంది. బోటు మనిషి అల తగ్గేదాకా ఆపి, చెయ్యి పట్టుకుని ఒక్కొక్కరినే దింపుతాడు. మీ అమ్మ రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, సంచి నువ్వు పట్టుకో. సముద్రం పొంగి ఉంటే బోట్లు ఆపేస్తారు, అప్పుడు కమోల్యిలోనే ఉండిపోండి. వెళ్లేటప్పుడే చివరి బోటు ఎన్నింటికో అడిగి రాసుకో.

మూడో రోజు చింక్వే టెర్రే. ఐదు ఊళ్లు: మోంటెరోస్సో, వెర్నాజ్జా, కొర్నీల్యా, మనరోలా, రియోమజ్జోరే. ఐదూ ఒక్కరోజులో చూశామని చెప్పుకునేవాళ్లు ఉంటారు. మీరు మూడే చూడండి. కొర్నీల్యా కొండ మీద ఉంటుంది, స్టేషన్ నుంచి ఊళ్లోకి 380 దాకా మెట్లు. బస్సు ఉంది కానీ దాని కోసం ఎదురుచూడటం మీ అమ్మకు విసుగు. అది వదిలెయ్. రియోమజ్జోరే కూడా ఏటవాలే, తీరిక ఉంటే చూడొచ్చు.

జెనోవాలో తెల్లవారుజామున బయలుదేరితే తొమ్మిదిలోపు వెర్నాజ్జాలో ఉంటారు. పెద్ద క్రూజ్ ఓడలు లా స్పెజియాలో ఆగుతాయి, వాటి జనం పది దాటాక దిగుతారు. ఆ తర్వాత వెర్నాజ్జా వీధిలో అడుగు పెట్టడానికి చోటుండదు. స్టేషన్ ప్లాట్‌ఫామ్‌లో కొంత భాగం సొరంగంలోనే ఉంటుంది. మీ బోగీ చీకట్లో ఆగినా అదే స్టేషన్, గబగబా దిగండి. తలుపు తనంతట తెరుచుకోదు, బటన్ నొక్కాలి. ఈ లైను ఎక్కువగా సొరంగాల్లోనే పోతుంది కాబట్టి సముద్రం ఉండుండి మెరుస్తుంది తప్ప ఆసాంతం కనపడదు. మీ నాన్నకు ముందే చెప్పు, లేకపోతే నిరాశ పడతారు.

మధ్యాహ్నం జనం ఎక్కువయ్యే వేళకు మోంటెరోస్సో చేరండి. ఐదింటిలో చదునుగా, ఇసుక ఒడ్డుతో ఉండేది అదే. అక్కడ భోజనం చేసి, నీళ్లలో కాళ్లు పెట్టుకుని, నాలుగున్నరకు మనరోలా వెళ్లండి. ఊరి పక్కన సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండ చుట్టూ కాలిబాట ఉంది. అక్కణ్ణుంచి చూస్తే ఇళ్ల వెనక కొండంతా మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి నిలబెట్టిన గోడలు. ఆ గోడలు కట్టే చేతులు తగ్గిపోతున్నాయి, గోడ కూలిన చోట వానకు కొండ జారిపోతుంది. మన రైతు కుటుంబం వాళ్లకు ఆ మాట వెంటనే మనసుకు పడుతుంది. మనరోలాకూ రియోమజ్జోరేకూ మధ్య సముద్రం పక్కనే ఒక బాట ఉంది. 2012లో రాళ్లు పడి మూసేసి 2024లో పూర్తిగా తెరిచారు. దాదాపు ఒక కిలోమీటరు, చదునుగానే ఉంటుంది. దానికి మాత్రం ముందే టైము బుక్ చెయ్యాలి. ఒక్కో ఊరికి విడిగా రైలు టికెట్ కొనకుండా రోజు కార్డు తీసుకుంటే ఎన్నిసార్లైనా ఎక్కి దిగొచ్చు. ఆ ప్లాట్‌ఫామ్‌ల మీద రద్దీలో జేబుదొంగలుంటారు. పర్సు వెనక జేబులో పెట్టొద్దని మీ నాన్నకు గట్టిగా చెప్పు.

నాలుగో రోజు ఏమీ పెట్టుకోకు. అలసిపోతే పడుకోనివ్వు. ఓపికుంటే జెనోవాలోనే ఉన్న బొక్కదాస్సే అనే బెస్తపేటకు సిటీ బస్సులో వెళ్లి ఐస్‌క్రీమ్ తిని రండి.

ఇక తిండి. మీ నాన్నకు గుడ్డు కూడా పడదు కదా, ఆ తీరంలో ఆయనకు ఇబ్బంది తక్కువే. ఫరినాటా అని ఉంటుంది. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి వెడల్పాటి రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. అంచు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా, మన శనగపిండి అట్టులాగే ఉంటుంది. వేడిమీద మిరియాలు చల్లుకుని తినాలి. ఫొకాచ్చా రొట్టె ఏ బేకరీలో అయినా కోసి తూకం వేసి ఇస్తారు. ఉల్లిపాయది ఆయనకు నచ్చుతుంది. తులసి జాతి ఆకు, పైన్ గింజలు, వెల్లుల్లి నూరి చేసే పెస్టో ఈ ఊరిదే. త్రోఫియే అనే మెలితిప్పిన పాస్తాతో అడుగు, దాన్ని మామూలుగా గుడ్డు లేకుండానే చేస్తారు, అయినా అడిగి తీసుకో. పెస్టోలో వేసే పార్మిజాన్ చీజ్‌లో దూడ కడుపు నుంచి తీసే తోడు ఉంటుంది. ఆ సంగతి మీ నాన్నకు దాచకుండా చెప్పు, తినాలా వద్దా ఆయనే నిర్ణయించుకుంటారు. టమాటా సాసుల్లో చిన్న చేపలు నూరి కలిపే అలవాటూ ఉంది. మాంసం, చేప, గుడ్డు లేకుండా అని ఇటలీ భాషలో చీటీ మీద రాసి ఆయన జేబులో పెట్టు.

హోటళ్లలో మధ్యాహ్నం రెండున్నర తర్వాత వంటిల్లు కట్టేస్తారు, రాత్రి ఏడున్నరకు గానీ తెరవరు. మధ్యలో ఆకలికి ఫొకాచ్చా ముక్కలు సంచిలో ఉండాలి. బిల్లులో తలకింతని కూర్చున్నందుకు కలుపుతారు, అది అక్కడి ఆనవాయితీ. కాఫీ బల్ల దగ్గర కూర్చుని తాగితే ఒక ధర, కౌంటర్ దగ్గర నిలబడి తాగితే తక్కువ. బాత్రూమ్ కావాలంటే కాఫీ తాగడమే మర్యాదైన దారి. ప్రతి రెండు గంటలకూ మీ అమ్మను నువ్వే అడుగు, ఆవిడ మొహమాటపడి చెప్పదు.

రైళ్లలో ప్రాంతీయ బళ్లకు ముందుగా కొనక్కర్లేదు, ధర మారదు. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫామ్ దగ్గరి యంత్రంలో ముద్ర వేయించాలి, ఫోన్‌లో కొన్నదైతే చెకిన్ నొక్కాలి. ముద్ర లేకపోతే జరిమానా. సమ్మెలు తరచూ ఉంటాయి, కానీ ముందే ప్రకటిస్తారు. పనిరోజుల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని ప్రాంతీయ బళ్లు తప్పక నడుపుతారు. ఆపద వస్తే 112కు ఫోన్ చెయ్యాలని వాళ్లిద్దరి ఫోన్లలోనూ రాసిపెట్టు. హోటల్ పేరు, అడ్రసు ఉన్న కార్డు కూడా ఇద్దరి దగ్గరా విడివిడిగా ఉండాలి.

మిలాన్‌లో కేథడ్రల్ పైకప్పు మీదికి లిఫ్ట్ ఉంది, టికెట్ కొనేటప్పుడు లిఫ్ట్ ఉన్నదే ఎంచుకో.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సిన పని, మీ అమ్మను రోజూ సాయంత్రం అరగంట నడవమని చెప్పడం. కొత్త బూట్లు ఇప్పుడే కొని ఇంట్లో వేసుకు తిరగమను, అక్కడికొచ్చాక కొత్తవి తొడిగితే కాళ్లు పొక్కుతాయి. వీసా అపాయింట్‌మెంట్ తేదీ దొరకగానే నాకు మెసేజ్ పెట్టు. కొత్త ప్లాన్ రాసి పంపితే రైళ్ల వేళలు నేనూ ఒకసారి చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ
రాజమండ్రి