జడ్చర్ల దగ్గర షెడ్డులో 40 కుట్టుమిషన్లు వేస్తున్నాం, సేఫ్టీకి ముందు ఏమేం కొనాలి, మాస్కులు, గ్లౌజులు ఎన్ని కావాలి?

మాస్కులు, గ్లౌజులు ఎన్ని కొనాలని అడిగిన్రు. అంతకంటే ముందు, మిషన్లతోపాటు వచ్చినవాటిని ఎవరూ ఊడదీయకుండ చూసుకోండి.

సింగిల్ నీడిల్ మిషన్‌కు బట్టను అదిమే పాదం ముందర సన్నటి తీగె ఫింగర్ గార్డు ఉంటది. బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్‌కు కండ్లకు అడ్డంగ ప్లాస్టిక్ అద్దం, మోటరు బెల్టుకు కవరు ఉంటయి. నెల తిరిగేసరికి ఇవన్నీ మెకానిక్ డబ్బాలో తేలుతయి. దారం ఎక్కించేటప్పుడు గార్డు అడ్డం వస్తదని కుట్టేటామె తీసేస్తది, టార్గెట్ అందుతలేదని సూపర్‌వైజర్ చూసీచూడనట్టు ఊరుకుంటడు. ఆమెను తిట్టి లాభం లేదు. గంటకు ఎన్ని పీసులని లెక్క కట్టేరోజే, గార్డు పెట్టిన మిషన్ మీద కుట్టించి టైమ్ తీయండి.

మోటర్లు పాత క్లచ్‌వా? అయితే స్విచ్ ఆపినా లోపలి చక్రం ఇంకా కొద్దిసేపు తిరుగుతనే ఉంటది. ఆ టైములో దారం ఎక్కిస్తూ పెడల్ మీద కాలు ఆనించిన్రంటే సూది గోరులోకి దిగుతది. పెడల్ తొక్కితేనే తిరిగే సర్వో మోటర్లకు మారండి, కరెంటు బిల్లూ తగ్గుతది. సూది దిగినప్పుడు అందరూ చేసే తప్పు, భయంతో చెయ్యి గుంజడం. సూది విరిగి ముక్క లోపలే ఉండిపోతది. కరెంటు ఆపి, దారం తెంపి, పాదం లేపి, సూదిని పట్టిన స్క్రూ వదులు చేయాలి. తర్వాత చేతిచక్రం తిప్పి సూది కడ్డీని పైకి లేపితే సూది వేలిలోనే మిగుల్తది. దాన్ని పట్కారుతో పీకొద్దు, పసుపు అద్దొద్దు. అట్లనే ఆస్పత్రికి తీసుకపోయి ఎక్స్‌రే తీయించి, టీటీ ఇంజెక్షన్ అడగండి. విరిగిన సూది ముక్కలన్నీ రిజిస్టరులో టేపుతో అతికించి పెట్టండి. ఒక ముక్క తక్కువ పడ్డదంటే అది బట్టలోనన్న ఉన్నది, వేలిలోనన్న ఉన్నది.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 150 మందికి ఒక ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉండాలన్నది. పెట్టెలు ఉంటయి, తాళంచెవి మాత్రం మేనేజర్ జేబులో ఉంటది!

గ్లౌజులు కొనాల్సింది కటింగ్ మాస్టరుకే. బట్ట అదిమిపట్టే చేతికి స్టీలు వల గ్లౌజు కావాలి, నూలువి బ్లేడుకు ఆగవు.

ఇక నిప్పు. ప్యానెల్ బోర్డులో పేరుకున్న నూగుకు ఒక్క రవ్వ చాలు. వారానికోసారి కరెంటు ఆపి తుడిపించండి. బోర్డు దగ్గర మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, బట్టల గోదాములో ఏబీసీ పౌడర్‌ది పెట్టండి. వెనుక తలుపు బయటికి తెరుచుకోవాలి, దాని ముందర అట్టపెట్టెలు ఉండొద్దు. 2012లో ఢాకా దగ్గరి తజ్రీన్ బట్టల ఫ్యాక్టరీలో మంటలంటుకుని వంద మందికి పైగా చనిపోయిన్రు. అక్కడ మెట్లు లేక కాదు, మెట్లన్నీ మంటలున్న కింది అంతస్తులోకే దిగినయి. అలారం మోగినా మళ్ల పనిలో కూసోమన్నరు.

మన పాలమూరు ఎండలకు రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం నిలబడి చూడండి, మీకే తెలుస్తది. వేడి పైకి పోయే దారి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ముందే చూసుకోవాలి. కొన్నిచోట్ల టాయిలెట్‌కు పోవాలంటే టోకెన్ పెడుతరు. దాంతో ఆడోళ్లు పొద్దంత నీళ్లు తాగుడే మానేస్తరు. కండ్లు తిరిగి మిషన్ మీద పడేదీ, మూత్రంలో మంటతో సెలవు పెట్టేదీ అందుకే.

మాస్కులంటరా, ఓవర్‌లాక్, కటింగ్ దగ్గర కూసునేటోళ్లకు కొనండి. సాయంత్రం కంప్రెసర్ గాలితో ఒంటి మీది నూగు ఊదుకునే అలవాటు మాత్రం మొదటిరోజే మాన్పించండి, అది ఎగిరి కండ్లలో పడ్తది. వాక్యూమ్ వాడండి.