మా తోటకు ఏ ఫోర్ వీల్ బండి కొనాలి?

ప్రశ్న: అన్నగారూ, మాది అశ్వారావుపేట దగ్గర పల్లె. పన్నెండెకరాల ఆయిల్‌పామ్, అందులోనే అంతరపంటగా కోకో ఉన్నాయి. తారు రోడ్డు దిగాక తోటదాకా జిగురుమట్టి బాట, మధ్యలో ఒక చిన్న వాగు. వానాకాలంలో మా కారు దిగబడితే మా ట్రాక్టరు పెట్టి లాగాల్సి వస్తోంది. నాన్నగారికి అరవై ఎనిమిదేళ్ళు, నడుం నొప్పి. అయినా రోజూ తోట చూడందే ఉండలేరు. సెకండ్ హ్యాండ్‌లో ఫోర్ వీల్ బండి, అంటే నాలుగు చక్రాలూ లాగేది, తీసుకుందామనుకుంటున్నాం. పాత థార్ మేలని తమ్ముడు, జిప్సీ మేలని బాబాయి అంటున్నారు. ఢిల్లీ నుంచి స్కార్పియో చవగ్గా తెప్పిస్తానని ఒక బ్రోకరు వెంటపడుతున్నాడు. పది లక్షల లోపు ఏది కొంటే మంచిది?
– ఒక పాఠకురాలు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాట, ఇంట్లో ట్రాక్టరు ఉందన్నది. ఎరువుల బస్తాలూ గెలలూ అదే మోస్తుంది కాబట్టి ఈ బండి మనుషుల కోసమే, ముఖ్యంగా నాన్నగారి కోసం. కాబట్టి బండి ఎంత బరువు మోస్తుందన్నది తర్వాత చూడొచ్చు. ఆయన కూర్చునే సీటు, ఎక్కే మెట్టు, గుంటలో పడ్డప్పుడు నడుముకు తగిలే దెబ్బ, వీటిని బట్టి ఎంచుకుందాం. ఫోర్ వీల్ అవసరం వానాకాలంలోనే పడుతుంది. సీటు ఏడాది పొడుగునా కావాలి.

అందుకే జిప్సీ వద్దంటాను. తేలికైన బండి, బురదలో గట్టిది, మా షెడ్డుకు వచ్చిన ఏ జిప్సీ ఇంజనూ నన్ను ఇబ్బంది పెట్టలేదు. కానీ దానికి ముందూ వెనకా కమాన్ కట్టలే (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీల స్ప్రింగులు). ఖాళీగా పోతుంటే ప్రతి గుంటా వెన్నుకు తెలుస్తుంది. పైగా తయారీ ఆగిపోయిన బండి. 2010లో వచ్చిన పాత థార్‌కు వెనక కమాన్ కట్టలే, వెనక సీట్లు పక్కలకు తిరిగి ఉంటాయి. మీ తమ్ముడికి నచ్చడంలో తప్పులేదు. అయితే నాన్నగారు వారం తిరిగితే తోటకు పోవడమే మానుకుంటారు.

మీకు నేను చెప్పేది 2014 చివర నుంచి 2020 మార్చి లోపు వచ్చిన స్కార్పియో ఫోర్ వీల్. ఎస్10, తర్వాతి ఎస్11 రకాల్లో దొరుకుతుంది. కమాన్ కట్టలుండవు, ముందూ వెనకా చుట్టల్లా ఉండే మెత్తటి కాయిల్ స్ప్రింగులే. 2.2 లీటర్ల ఎంహాక్ ఇంజను మీ చుట్టుపక్కల ఏ టౌన్‌లోనైనా మెకానిక్కులకు చేతి కింద పని, సామాను సత్తుపల్లిలోనో ఖమ్మంలోనో దొరికిపోతుంది. ఎక్కడానికి కొంచెం ఎత్తు కాబట్టి పక్క మెట్టు, లోపలి పట్టుకునే పిడి బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. కొనే ముందు నాన్నగారిని తీసుకెళ్ళి నాలుగుసార్లు ఎక్కించి దింపండి. ఇది అన్నిటికన్నా ముందు చేయాల్సిన పరీక్ష.

స్కార్పియోల్లో ఎక్కువ భాగం టూ వీల్ డ్రైవువే. వెనక తలుపు మీద 4డబ్ల్యూడి (ఫోర్ వీల్ డ్రైవు) అని అంటించినంత మాత్రాన నమ్మొద్దు. కింద పడుకుని చూస్తే గేర్ బాక్సు దగ్గర నుంచి వెనక్కి ఒక ప్రొపెల్లర్ షాఫ్టు (చక్రాలకు శక్తి చేర్చే తిరిగే కడ్డీ), ముందు చక్రాల వైపు ఇంకొకటి కనబడాలి. ముందుది పాడైతే బాగుచేయించకుండా విప్పి పక్కన పెట్టేసిన బండ్లు నేను చాలా చూశాను. షాఫ్టు ఉంటే చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. జాయింటు క్రాసుల దగ్గర టకటకమని ఆడితే అది ఖర్చు లెక్కలో వేసుకోవాల్సిన పని.

తర్వాత నడిపి చూడండి. గట్టి మట్టి నేల మీద 4హెచ్‌లో (నాలుగు చక్రాలూ లాగేలా) పెట్టి, స్టీరింగు పూర్తిగా తిప్పి, నడక వేగంతో ఒక చుట్టు తిప్పండి. ఫోర్ వీల్ నిజంగా పడితే బండి బిగుసుకున్నట్టు ఉంటుంది, స్టీరింగు బరువెక్కుతుంది. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం తిరగాలి, ఈ బండ్లలో ఆ తేడా సర్దే ఏర్పాటు మధ్యలో లేదు, అందుకే ఆ బిగువు. 2హెచ్‌కు (వెనక చక్రాలే లాగేలా) మార్చగానే ఆ బిగువు వదిలేయాలి. రెంటికీ తేడా తెలియకపోతే డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగినా ముందు చక్రాలకు శక్తి అందడం లేదన్నమాట. తర్వాత బండి ఆపి 4ఎల్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) కూడా వేసి చూడండి. ఇదే కారణంగా ఎండిన తారు రోడ్డు మీద 4హెచ్‌లో తిరగకూడదని ఇంట్లో నడిపే అందరికీ చెప్పండి. గేర్లు అరిగిపోయేది అక్కడే.

ఇంకొకటి తప్పకుండా చేయించండి. ముందు హౌసింగు, వెనక హౌసింగు (చక్రాల మధ్య గేర్లుండే గూళ్ళు), ట్రాన్స్‌ఫర్ కేసు (ముందూ వెనకా శక్తి పంచే గేర్ల పెట్టె), ఈ మూడింటి డ్రెయిన్ బోల్టులూ కాస్త వదులు చేసి గేర్ ఆయిల్ తెల్లగుడ్డ మీద పట్టండి. నల్లగా ఉంటే ఆయిల్ పాతదంతే, మార్చుకోవచ్చు. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్ళు దూరినట్టు. బేరింగులు లోపల తుప్పు పట్టడం మొదలై ఉంటుంది, ఎంత తగ్గించినా ఆ బండి వదిలేయండి. వేళ్ళ మధ్య రాసి చూస్తే ఇనుప రజను గరగరమంటుందేమో కూడా తెలుస్తుంది. అమ్మేవాళ్ళు దీనికి ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేయడమే మంచిది.

నీళ్ళ సంగతి ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, 2024 జులైలో మీ పెదవాగు కట్ట తెగింది. ఆ సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచింది, ఎన్నో బండ్లు మునిగాయి. మునిగిన బండిని కడిగి పాలిష్ కొట్టి అమ్మితే పైపైన చూసి పోల్చడం కష్టం. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, ఎప్పుడూ బయటికి రాని ఆ భాగంలో బురద చార మిగిలిపోతుంది. కాళ్ళ కింది కార్పెట్ ఎత్తి వాసన చూడండి, సీట్ల కింది బోల్టుల తుప్పు చూడండి.

ఢిల్లీ బండి మాట. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలున్నాయి, చవక అందుకే. ఇక్కడికి తెస్తే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి, మన నంబరు వేయించాలి. పదేళ్ళ బండికి మొదటి రిజిస్ట్రేషన్‌లో మిగిలేది ఐదేళ్ళే. ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి, ఐదేళ్ళకోసారి పొడిగించుకుంటూ పోవాలి. ట్యాక్సూ రవాణా కలిపి లెక్క కట్టాక తేడా ఎంత మిగులుతుందో బ్రోకరు చేత కాగితం మీద రాయించండి. నా మటుకు నేను మీ జిల్లాలోనో పక్క జిల్లాలోనో తిరిగిన బండికే ఓటు వేస్తాను. ఎవరు నడిపారో, ఎక్కడ బాగుచేయించారో అడిగి తెలుసుకోవచ్చు. ఛాసిస్ నంబరు ఇస్తే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాత సర్వీసుల వివరం అడగొచ్చు. ఫైనాన్సులో కొన్న బండి అయితే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 (అప్పు తీరిందని రిజిస్ట్రేషన్‌లో తీయించే పత్రం) చేతికి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. ఇన్సూరెన్సు కూడా మీ పేరు మీదికి మార్చుకోవడం మరవొద్దు.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) డీజిల్ బండ్లు, కొత్త థార్ లాంటివి, మీ బడ్జెట్‌లో దొరికినా ఆలోచించుకోండి. వాటి పొగ దారిలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలాలంటే అప్పుడప్పుడూ బండి రోడ్డెక్కి వేగంగా, ఆగకుండా కాసేపు పరుగెత్తాలి. ఇంటి నుంచి తోటకు, తోట నుంచి ఇంటికి నెమ్మదిగా తిరిగే బండిలో అది పూడుకుపోతుంది. ఇలా ఆగిపోయి వచ్చిన రైతుల బండ్లు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, కొనేటప్పుడు వాళ్ళకు ఈ ముక్క ఎవరూ చెప్పి ఉండరు.

స్కార్పియో దొరక్కపోతే ఇసుజు వి-క్రాస్ అనే పికప్ (వెనక ట్రక్కు ఉండే బండి) చూడండి. మన శ్రీసిటీలోనే తయారైన బండి, 2016లో వచ్చింది, 2.5 లీటర్ల ఇంజను నమ్మకమైనది, ముందు సీట్లు హాయిగా ఉంటాయి. ట్రక్కు ఖాళీగా ఉంటే వెనక కమాన్ కట్టలు ఎగరేస్తాయి కాబట్టి నాన్నగారిని ముందు కూర్చోబెట్టాలి. షోరూములు పెద్ద ఊళ్ళలోనే, సామానుకు ఆగాల్సి రావచ్చు.

ఏది కొన్నా టైర్లకు డబ్బు పక్కన పెట్టుకోండి. జిగురుమట్టిలో నున్నటి హైవే టైరు గాళ్ళు పూడిపోయి నాలుగు చక్రాలూ కలిసి జారతాయి. ఆల్ టెర్రైన్ రకం టైర్లు నాలుగూ ఒకే సైజువి, ఒకేసారి వేయించండి. రెండు కొత్తవి, రెండు అరిగినవి అయితే ఫోర్ వీల్‌లో గేర్ల మీద ఒత్తిడి పడుతుంది.

వాగు గురించి ఒక్క మాట, దయచేసి గట్టిగా గుర్తుంచుకోండి. ఫోర్ వీల్ బురదలో లాగుతుంది, పారే నీటి తోపును ఆపలేదు. అడుగు కనబడకపోయినా, నీళ్ళు ఉరకలేస్తున్నా నాన్నగారు ఎంత తొందరపెట్టినా దిగకండి. తోట మర్నాడు కూడా అక్కడే ఉంటుంది.

ప్రశ్న: బొలెరో క్యాంపర్ ఫోర్ వీల్ ఒకటి బేరానికి వచ్చింది. ఆరేళ్ళుగా రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగింది. మా మెట్ట పొలానికి కొనొచ్చా?
– ఒక రైతు, చింతలపూడి ప్రాంతం

జవాబు: బండి మంచిదే, బస్తాలకూ కూలీలకూ మీకు సరిపోతుంది. భయమల్లా ఉప్పునీటితోనే. ర్యాంపు మీద ఎక్కించి ఛాసిస్‌ను చిన్న సుత్తితో మెల్లగా కొడుతూ పోండి. గట్టిచోట ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట చప్పగా శబ్దం వస్తుంది. కొత్తగా నల్లరంగు వేసి ఉంటే ఇంకా జాగ్రత్తగా కొట్టి చూడండి. బ్రేకు పైపులు, వెనక కమాన్ కట్టల షాకిళ్ళు (కట్టలను ఛాసిస్‌కు తగిలించే ముక్కలు), వైరింగు జాయింట్లు కూడా చూడాలి. ఛాసిస్‌లో ఎక్కడైనా సుత్తి దిగబడితే వెల్డింగుతో నెట్టుకొద్దామనుకోకండి, కొనకండి. ఛాసిస్ గట్టిగా ఉంటే బ్రేకు పైపులన్నీ కొత్తవి వేయించే ఖర్చు తగ్గించి అడగండి. పసుపు ప్లేటు బండి అయితే ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉందో, ట్యాక్స్ బాకీ, చలాన్లు ఏమైనా ఉన్నాయో ఆన్‌లైన్‌లో చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.