కొండ మీది ఊళ్లకు సైకిల్ మీద: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ సైకిల్ రూటు చూశాను. గోర్డ్, రూసియోన్, బొనియూ, లకోస్త్, మెనెర్బ్. ఐదు ఊళ్లూ ఒక్క రోజులో చుట్టేద్దామని గీత గీశావు. యాభై అరవై కిలోమీటర్లే కదా, మధ్యాహ్నానికి అయిపోతుందనుకున్నావేమో. ఒరేయ్, అవన్నీ కొండ నెత్తిన కూర్చున్న ఊళ్లు. ఒకటి ఎక్కి దిగితే గానీ ఇంకోదాని మొదలు రాదు. అన్నీ కలిపితే ఎక్కుడు వెయ్యి మీటర్ల దరిదాపుల్లో తేలుతుంది. వంద కిలోమీటర్లకు అంత ఎక్కుడు ఉంటేనే దాన్ని కొండ రూటు అంటాం. నువ్వు దాన్ని సగం దూరంలోనే కుక్కేశావు. పైగా ప్రతి ఊరికీ చివరి కిలోమీటరే నిటారుగా ఉంటుంది. శత్రువు సులభంగా ఎక్కిరాకూడదనే కదా వాటిని అక్కడ కట్టుకున్నది. కింద పండే నేల వృథా కాకూడదన్నది ఇంకో లెక్క. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1545లో ఇదే లుబెరోన్ కొండల్లో మెరెందోల్ ఊరినీ, చుట్టుపక్కల వోద్వా అనే క్రైస్తవ శాఖవాళ్ల ఊళ్లనీ సైన్యం తగలబెట్టేసింది.

కాబట్టి ఊళ్ల లిస్టు పక్కన పెట్టి ముందు రోడ్లు ఎంచుకో. ప్రశాంతత ఊళ్లో దొరికేది కాదు, నువ్వు పట్టుకునే రోడ్డులోనూ, బయల్దేరే టైములోనూ ఉంటుంది. మిషెలిన్ కంపెనీ వేసే కాగితపు రోడ్డు పటం కొనుక్కో. ఫోన్‌లో యాప్ ఎంత బాగున్నా సరే, ఒక పటం దగ్గరుండాలి. అందులో ఎరుపు గీతల జోలికి వెళ్లకు. పసుపు గీతలైతే ఫర్వాలేదు. తెల్ల గీతలు నీవి. గీత పక్కన ఆకుపచ్చ అంచు ఉంటే చూడదగ్గ దారి అన్నమాట. గీత మీద చిన్న బాణం గుర్తు ఒకటి ఉంటే 5 నుంచి 9 శాతం వాలు, రెండుంటే 9 నుంచి 13, మూడుంటే అంతకు మించి. మూడు బాణాలు కనిపించిన చోట మీ బ్యాచ్‌లో సగం మంది దిగి నడవాల్సిందే.

కవయోన్ నుంచి ఆప్ట్ వైపు వెళ్లే డీ900 (డీ అంటే అక్కడి జిల్లా రోడ్డు) లారీల రోడ్డు. దాని జోలికే పోకు. దాని పక్కనే పాత రైలు మార్గాన్ని సైకిల్ బాటగా మార్చారు. కలవోన్ లోయ పొడవునా చదునుగా సాగిపోతుంది. మొదటి రోజు కాళ్లు సర్దుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు. దాన్ని పట్టుకుని పోన్ జూలియాన్ దాకా వెళ్లు. క్రీస్తుపూర్వం 3లో రోమన్లు కట్టిన మూడు కమానుల వంతెన అది. 2005 దాకా కార్లు దాని మీదుగానే పోయేవి. ఆ తర్వాత పక్కన కొత్త వంతెన వేసి, దీన్ని నడిచేవాళ్లకూ సైకిళ్లకూ వదిలేశారు. అక్కణ్ణుంచి దక్షిణానికి తిరిగి బొనియూ ఎక్కి, లకోస్త్, మెనెర్బ్ మీదుగా ఒపెద్ చేరు. మొదటి రోజుకు అది చాలు.

ఒపెద్ పాత ఊరి గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్తాను. నా లెక్కలో ఉదయం పదకొండు గంటల గోర్డ్ కంటే ఇది పది రెట్లు మేలు. పైన కోట శిథిలాలు, చర్చి, సగం కూలిన గోడలు. ఎక్కిదిగలేక జనం మెల్లగా కింద పొలాల దగ్గరికి దిగిపోయారు. పైన ఊరు దాదాపు ఖాళీ అయిపోయింది. కార్లు కిందే ఆపాలి కాబట్టి టూరిస్టు బస్సుల రొద ఉండదు. లోపల వీధులన్నీ గులకరాళ్లు పరిచిన మెట్ల దారులు. ఆ రాళ్లు ఎన్ని వందల ఏళ్ల అరుగుదలో, పాలిష్ పట్టినట్టు జారుతాయి. రోడ్ సైకిల్ బూట్ల కింద బయటికి పొడుచుకొచ్చే ప్లాస్టిక్ క్లీట్, అదే బూటును పెడల్‌కి తగిలించే బిళ్ల, వాటి మీద అస్సలు ఆగదు. అందుకే క్లీట్ అడుగులోకి దిగి ఉండే మౌంటెన్ బైక్ బూట్లు తెచ్చుకో. స్టైల్ కాస్త తగ్గుతుంది గానీ మోచిప్ప మిగులుతుంది.

గోర్డ్ చూడొద్దని కాదు. పొద్దున ఎనిమిదింటికల్లా ఎదురుగా ఉన్న మలుపు దగ్గర నిలబడి చూసేసి, అటునుంచి అటే రూసియోన్‌కి వెళ్లిపో. అక్కడి ఎర్రమట్టి గుట్టల్లోకి దిగితే బూట్లే కాదు, చెయినూ తుడుచుకోవాలి. ఆ దుమ్ము అంత మెత్తన. అది రెండో రోజు. అదే రోజు ముర్ ఊరి మీదుగా 627 మీటర్ల కనుమ దాటి వెనాస్క్ వైపు దిగి, విల్-సుర్-ఓజోన్‌లో పడుకో.

మూడో రోజు నెస్క్ లోయ. నీ రూటులో ఇది లేకపోవడం చూసి నాకు మనసొప్పలేదు. విల్ నుంచి సో ఊరికి రెండు దారులు. తొందరలో ఉన్నవాళ్లు డీ1 పట్టుకుని కనుమ దాటేస్తారు. డీ942 మాత్రం లోయ అంచునే వంపులు తిరుగుతూ చుట్టి పోతుంది. కార్లవాళ్లకు అంత ఓపిక ఉండదు, అందుకే అది మనకు మిగిలింది. సుమారు ఇరవై కిలోమీటర్ల పాటు మెల్లగా ఎక్కుతుంది, ఎక్కడా ఊపిరి ఆడనివ్వని వాలు లేదు. ఫ్రాన్స్‌లో కుడివైపు నడపాలి కదా, ఎక్కేటప్పుడు లోయ నీ కుడిచేతి పక్కనే ఉంటుంది. పక్కన మోకాలెత్తు గోడ, దానికి అవతల అగాధం. దారిలో కొండను తొలిచిన చిన్న చిన్న సొరంగాలు వస్తాయి. లోపలికి వెళ్లేముందే నల్ల కళ్లద్దాలు తీసేయి, వెనక లైటు వెలుగుతూ ఉంచు. ఎండలోంచి చీకట్లోకి వెళ్లిన క్షణంలో రోడ్డు మీది గుంత నీకూ కనబడదు, నువ్వు వెనకవాడికీ కనబడవు. 734 మీటర్ల ఎత్తున కస్తెలరా అనే చోట ఆగి చూస్తే ఎదురుగా 872 మీటర్ల రోషే దు సీర్ అనే కొండరాయి నిలువునా లేచి ఉంటుంది. అక్కడ నీళ్లు దొరకవు. రెండు సీసాలూ విల్‌లోనే నింపుకో.

సో చేరాక అక్కడి పెద్ద కొండ మోన్ వాంతూ ఎక్కాలని నీకు చెయ్యి దురద పెడుతుంది, నాకు తెలుసు. మూడు రోడ్లలో సో వైపు నుంచి ఎక్కేదే తేలిక. 26 కిలోమీటర్లు, అందులో షాలే రెనార్ అనే మజిలీ దాటాక చివరి ఆరు మాత్రమే గట్టివి. ఆ ఆరింటిలో చెట్టన్నది ఉండదు, అంతా తెల్లరాళ్లే. 1967 జులై 13న టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెంలో బ్రిటిష్ రేసర్ టామ్ సింప్సన్ ప్రాణం పోయింది ఆ రాళ్ల మధ్యే. ఎండ, మద్యం, ఉత్తేజక మాత్రలు అన్నీ కలిసి చేసిన పని అది. దారి పక్కనే ఆయన స్మారకం ఉంటుంది. కింద సో కంటే పైన ఏడెనిమిది డిగ్రీలు తక్కువ ఉంటుంది, కాబట్టి గాలి ఆపే జాకెట్ జేబులో లేకుండా ఎక్కకు. మిస్ట్రాల్ వీచే రోజైతే ఆ ఆలోచనే మానుకో. ఉత్తరం నుంచి రోన్ లోయ వెంట దూసుకొచ్చే గాలి అది. ఆకాశం నీలంగా, అమాయకంగా ఉంటుంది, పైన మాత్రం సైకిల్‌ని పక్కకు ఈడ్చేస్తుంది. లోతు రిమ్ముల చక్రాలు ఇంటి దగ్గరే వదిలెయ్.

వాంతూ ఎక్కినా ఎక్కకపోయినా, దాని వెనక తులురాంక్ లోయ మాత్రం వదులుకోకు. సో నుంచి ఒరెల్ మీదుగా మోంబ్రన్ దిగి, పడమటికి తిరిగితే డీ40 వస్తుంది. ఒకవైపు వాంతూ ఉత్తరపు గోడ, ఇంకోవైపు కొండకు అతుక్కుని బ్రాంత్ ఊరు. కార్ల కంటే సైకిళ్లే ఎక్కువ కనిపించే రోడ్డు ఇది. లోయ పడమటికి తెరుచుకుంటుంది కాబట్టి మిస్ట్రాల్ ఉంటే ఎదురుగాలే, ఒక గంట అదనంగా వేసుకో. చివర్న వెజోన్-లా-రొమేన్. అక్కడి రోమన్ వంతెన 1992 సెప్టెంబర్ 22 వరదను కూడా తట్టుకుని నిలబడింది. పిట్టగోడ పోయింది గానీ వంతెన పోలేదు. మధ్యయుగంలో జనం అక్కడా కొండెక్కి ఊరు కట్టుకున్నారు, కాలం మారాక మళ్లీ ఏటి ఒడ్డుకు దిగారు.

సామాను సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు, నీకు నాకంటే ఎక్కువే తెలుసు. ముందు చిన్న పళ్లచక్రానికి 34 పళ్లు, వెనక పెద్దదానికి కనీసం 32 ఉంటే చాలు. టైర్ల వెడల్పు 28 మిల్లీమీటర్లకు తగ్గొద్దు. దిగేటప్పుడు బ్రేకు మలుపుకు ముందే వెయ్యి, మలుపులో కాదు. తెల్ల గీతల రోడ్లలో మలుపు లోపలి అంచున కంకర పేరుకుంటుంది.

చట్టం విషయంలో పేచీ పెట్టుకోకు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ అక్కడ నిషేధం, దొరికితే 135 యూరోల ఫైన్. నీ పాటలు సాయంత్రం విందువులే. ఊరి బయట దాటే కారు నీకు మీటరున్నర దూరం ఇవ్వాలి. పగలు ఇద్దరు పక్కపక్కన పోవచ్చు గానీ, వెనక బండి దాటాలంటే ఒకరి వెనక ఒకరు సర్దుకోవాలి. సైకిల్‌కి గంట తప్పనిసరి. ఊళ్లలో ఏ బోర్డూ లేని కూడలి వస్తే కుడివైపు నుంచి వచ్చేవాడిదే ముందు హక్కు. ఎడమవైపు నడిపి పెరిగిన మనకు అది ఒంటబట్టేదాకా ఆగి వెళ్లడమే మంచిది.

జులై, ఆగస్టుల్లో వద్దురా. లావెండర్ పూలకోసం జనమంతా అప్పుడే వస్తారు, ఎండా మండిపోతుంది. నువ్వనుకున్న సెప్టెంబరే సరైనది. కాకపోతే అప్పటికి వేట సీజన్ మొదలవుతుంది, అడవి అంచున 'షాస్ ఆన్ కూర్' (వేట జరుగుతోంది) అని బోర్డు కనిపిస్తే రోడ్డు దిగి పొదల్లోకి వెళ్లకు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా ఊళ్లలో కొట్లు మూసేస్తారు. ఆ రెండు గంటలూ రోడ్లు బోసిపోతాయి, సెప్టెంబర్ ఎండ భరించగలిగితే నువ్వు తొక్కాల్సింది అప్పుడే. రొట్టె మాత్రం పొద్దున్నే కొని జేబులో పెట్టుకో. సోమవారం చాలా బేకరీలు తీయరు. ఊరి ఫౌంటెన్ దగ్గర 'నోన్ పొటాబ్ల్' (తాగడానికి పనికిరావు) అని రాసుంటే ఆ నీళ్లు మొహం కడుక్కోవడానికే.

రైలు గురించి కూడా ఇప్పుడే చూసుకో. అవిన్యోన్ నుంచి కవయోన్‌కి టీఈఆర్ అనే ప్రాంతీయ రైలు ఉంది, అందులో సైకిల్ ఉన్నదున్నట్టు ఎక్కించుకోవచ్చు. హైస్పీడ్ రైలు టీజీవీలో అలా కుదరదు, చక్రాలు విప్పి సంచిలో కట్టాలి, లేదా సైకిల్ చోటు ఉన్న రైలు చూసి ముందే బుక్ చేసుకోవాలి. వెజోన్‌లో స్టేషన్ లేదు, ఆఖరి రోజు ఒరాంజ్ దాకా తొక్కాల్సి ఉంటుంది. రూటు మార్చాక మళ్లీ ఒకసారి పంపు, ఎక్కుడు లెక్క నేను చూస్తాను.

మీ మామయ్య