పసుపు కుంకుమ కాగితం, చెట్టులో లేని పేరు

ప్రశ్న: మాది గుంటూరు అరండల్‌పేట. వంశవృక్షం తయారు చేద్దామని ఏడాదిగా పాత కాగితాలు వెతుకుతున్నాను. నాయనమ్మ ట్రంకు పెట్టెలో 1938 నాటి పసుపు కుంకుమ దస్తావేజు దొరికింది. మా ముత్తాత తన కూతురికి, అంటే మా తాతయ్య చెల్లెలికి, తెనాలి తాలూకాలో ఎకరం పది సెంట్లు రాసిచ్చారు. వెనక రిజిస్ట్రేషను ముద్ర, నంబరు ఉన్నాయి. ఆమె ఊసు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆ చేను ఇప్పుడు బాబాయి సాగులో ఉంది, ఊరి సాగు లెక్క అయిన అడంగల్‌లో ఆయన పేరే. "ఆవిడ పేరు చెట్టులో ఎక్కించావంటే రేపు వాటాకొస్తారు" అంటున్నాడు. నిజమేనా? ఆమె వివరాలు ఇంకెక్కడ దొరుకుతాయి?

జవాబు: ముందు బాబాయి గారి భయం సంగతి చూద్దాం. వంశవృక్షంలో పేరు రాసినంత మాత్రాన ఎవరికీ కొత్తగా హక్కు పుట్టదు. రాయనంత మాత్రాన ఉన్న హక్కు పోదు. పెళ్లి సందర్భంలో కూతురికి తండ్రి ఉమ్మడి ఆస్తిలోంచైనా సబబైన మేరకు రాసివ్వడాన్ని కోర్టులు ఒప్పుకున్నాయి. ఆ చేను మీద ఆవిడకు హక్కు వచ్చింది ఆ దస్తావేజుతో, మీ చెట్టుతో కాదు. పైగా దాని నకలు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఉంటుంది. మీరు పెట్టెకు తాళం వేసి ఏం లాభం?

పేరు రాయండి. "ఆమె చేను మా దగ్గరే ఉండిపోయింది" లాంటి వాక్యం మాత్రం, నిజానిజాలు తేలకుండా రాయకండి. తగాదా పుట్టకముందు రాసిన వంశావళికి, రాసిన మనిషి కాలం చేశాక కూడా, భారతీయ సాక్ష్య అధినియం 26వ సెక్షను కింద విలువ ఉంటుంది (పాత ఎవిడెన్స్ యాక్టులో ఇది 32). మీరు సరదాగా రాసిన నాలుగు ముక్కలు ముప్పై ఏళ్ల తర్వాత ఎవరో కోర్టులో చదివి వినిపించవచ్చు.

ఇక వెతుకులాట. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే వస్తుంది, మీకది చాలదు. అప్పట్లో ఆ ఊరు ఏ సబ్ రిజిస్ట్రారు పరిధిలో ఉందో కనుక్కుని అక్కడ దరఖాస్తు పెట్టండి. స్థిరాస్తి దస్తావేజులు ఒకటో నంబరు పుస్తకంలో ఉంటాయి. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను ప్రకారం ఫీజు కడితే దాన్ని ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. చుట్టరికం రుజువు చేయమని అడగడానికి లేదు. వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి. రాసిన మనిషి పోయాక వాటి నకలు కూడా ఎవరికైనా ఇస్తారు. స్థిరాస్తితో సంబంధం లేని దస్తావేజులుండే నాలుగో పుస్తకం మాత్రం అందరికీ కాదు.

పేర్ల ఇండెక్సులో మీ ఇంటిపేరుతో వెతికి దొరకలేదని తిరిగి వచ్చేయకండి. ఆవిడ అత్తారింటి ఇంటిపేరుతో, "ఫలానా వారి భార్య" అని ఉంటుంది. 1938 తర్వాత ఆమె రాసిచ్చినవేమైనా ఉన్నాయేమో చూడటం అన్నిటికన్నా ముఖ్యం. అత్తారిల్లు దూరమైతే పసుపు కుంకుమ చేను అన్నదమ్ములకే అమ్మేసిన ఆడపడుచులు మన వైపు చాలామంది. అలాంటి క్రయ దస్తావేజు ఒక్కటి దొరికితే మీ ఇంట్లో గొడవే లేదు.

రెవెన్యూ లెక్కల్లో ఇంగ్లీషు సంవత్సరం ఉండదు, ఫసలీ ఉంటుంది. 590 కలుపుకోండి: ఫసలీ 1348 అంటే 1938 జులై నుంచి. మీభూమి వెబ్‌సైటులో కనిపించే అడంగల్ ఇప్పటి సంగతే చెబుతుంది. పాతవాటికి, పాత శిస్తు నిర్ణయాల పుస్తకమైన రీసెటిల్‌మెంట్ రిజిస్టరుకి తహసీల్దారు ఆఫీసులో అడగాలి. 1984లో కరణాల వ్యవస్థ పోయాక లెక్కలన్నీ పూర్తిగా చేతులు మారాయనుకోవద్దు, ఊళ్లో పాత కరణం గారి వారసులుంటే ఒకసారి కలవండి. ఇంకా వెనక్కి వెళితే, 1904కి ముందు తెనాలి వైపు కృష్ణా జిల్లాలో ఉండేది, కాగితం మీద జిల్లా పేరు చూసి తికమక పడకండి. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రికార్డులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మీవాళ్లెవరైనా గయకు వెళ్లి పిండం పెట్టి ఉంటే అక్కడి పండాల పుస్తకాల్లో తరాల పేర్లు దొరకవచ్చు.

అడంగల్‌లో బాబాయి పేరుంది కదా అంటారేమో. అది హక్కు పత్రం కాదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. పన్నెండేళ్లు దున్నితే మనదైపోతుందన్న మాట కూడా సగమే నిజం. "మా అన్నే కదా, చేసుకోనీ" అని ఆవిడ వదిలేసిన సాగు ఎన్నేళ్లయినా ప్రతికూల స్వాధీనం (అసలు హక్కుదారును కాదని ఏళ్ల తరబడి అనుభవించి హక్కు పొందడం) కాదు. ఆమె హక్కును కాదని, ఆమెకు తెలిసేలా పెట్టుకున్న స్వాధీనమని బాబాయి గారే రుజువు చేసుకోవాలి.

ఆమెకు పిల్లలున్నారా, ఎప్పుడు పోయారు అన్నది మీరు రాయలేదు. 1956 జూన్ 17 తర్వాత వీలునామా రాయకుండా, సంతానం లేకుండా, భర్త కూడా లేకుండా పోయి ఉంటే, ఈ చేను భర్త తరఫు వారసులకు వెళుతుంది. పుట్టింటికి తిరిగొచ్చేది తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి, ఇది దానంగా వచ్చింది. అంతకుముందే పోయి ఉంటే పాత స్త్రీధన న్యాయం వర్తిస్తుంది, లెక్క మారిపోతుంది.

దస్తావేజును లామినేషన్ చేయించకండి. ముప్పై ఏళ్లు దాటిన కాగితం సరైన చోటు నుంచి వచ్చిందంటే, దాని మీది సంతకాలు నిజమైనవేనని కోర్టు అనుకోవచ్చు. అందుకే ఏ పెట్టెలో, ఎవరి సమక్షంలో దొరికిందో ఇప్పుడే రాసి ఉంచండి. ఆమె అత్తవారి ఊరు పంచాయతీలో మరణ రిజిస్టరు వెతికించి, తేదీ దొరికాక మళ్లీ రాయండి.