నాలుగో పేజీలో పాలపిట్ట

తమ్ముడికి,

కథ అందింది. రెండుసార్లు చదివాను. అత్తాకోడళ్ళ మాటలు బాగా పట్టావు, వాటిలో నేను వేలు పెట్టను. నా పేచీ అంతా నాలుగో పేజీలో పాలపిట్టతోనే. దసరా రోజు జమ్మిచెట్టు మీద పుల్లల గూట్లో గుడ్లు పొదుగుతూ తియ్యగా పాడిందని రాశావు. ఒక్క వాక్యంలో మూడు తప్పులు.

చిన్నబుచ్చుకోకు. నా తొలి కథలో నేనూ పాలపిట్ట చేత చింతకొమ్మ మీద గూడు కట్టించినవాణ్ణే. అచ్చయిన పత్రిక పట్టుకెళ్ళి తాటివనంలో చదివి వినిపిస్తే, కల్లు గీసే పెద్దాయన ముంత పక్కన పెట్టి నవ్వాడు. "అది గూడు కడ్తదా సారూ? తాటిమోడు తొర్రల గుడ్లు పెడ్తది" అన్నాడు. మర్నాడు తీసుకెళ్ళి చూపించాడు కూడా. తల విరిగిన తాడి, పైన తొర్ర. అదీ అది తొలుచుకున్నది కాదు. చెట్టు కుళ్ళి ఏర్పడిందో, ఏ వడ్రంగిపిట్టో వదిలేసిందో. వాటి కాపురమంతా ఎండాకాలం ముచ్చట. దసరాకల్లా పిల్లలు ఎగిరిపోయి నెలలవుతుంది.

ఇక పాట. దాని గొంతు కరుకు. జత కట్టే రోజుల్లో నిలువునా పైకి లేచి, అటూ ఇటూ దొర్లుతూ, అరుస్తూ కిందికి జారుతుంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని రోలర్ అన్నది ఆ పల్టీలు చూసే. నీ కథకు ఆ గరగరే నప్పుతుంది. ఆ ఇంట్లో తియ్యగా మాట్లాడేవాళ్ళెవరున్నారు?

"నీలమణిలా మెరుస్తూ కూర్చుంది" అన్నది కూడా కొట్టెయ్. కూర్చున్న పాలపిట్ట చాలామటుకు మట్టిరంగే. నడినెత్తిన, రెక్క అంచున కాస్త నీలం. కరెంటు తీగ మీద అరగంటైనా కదలకుండా నేలను చూస్తుంది. మిడతో పురుగో కదిలిందా, రెక్కలు విప్పుతుంది. ముదురు నీలం, లేత నీలం పట్టీలు అప్పుడు బయటపడతాయి. దొరికినదాన్ని తీగ మీదికి తెచ్చి, బాది మరీ మింగుతుంది. ఆ నీలం ఈకలో కలిసిన రంగు కాదట, ఈక అల్లికలో వెలుగు చెదిరి పుట్టేదట. అది తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. కథలో మాత్రం పెట్టకు, అత్తగారికి ఆ సంగతి తెలియదు.

దసరాకు పాలపిట్టను చూడాలన్న పట్టింపు మనది. 2014లో తెలంగాణ రాష్ట్రపక్షి కూడా అయింది. అయినా పండగపూట దాన్ని పట్టి, పంజరంలో పెట్టి వీధివీధికీ తిప్పేవాళ్ళు ఉన్నారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. ఈకలకు జిగురంటించిన పిట్టను ఒకసారి చూశాను. నీ అత్తగారు వాకిట్లో పంజరం ముందు దణ్ణం పెడుతుందా, పొలం గట్టుదాకా నడుస్తుందా? నువ్వు తేల్చుకోవలసింది అదే.

కథ అప్పుడే తిరగరాయకు. దుక్కి దున్నే చోటికి వెళ్ళు. నాగలి వెనక లేచే పురుగుల కోసం అది వస్తుంది. పది రోజులు పొద్దున్నే కూర్చో. ఉపమానాలు వద్దు, ఎక్కడ వాలింది, ఎంతసేపుంది, ఏం పట్టింది, అంతే రాయి. ఆ నోటుపుస్తకం పంపు, కథ సంగతి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
అన్న